బాల్ పైథాన్ పెట్టెకు వేడి, తేమ: ఏది కొనాలి, ఏది వద్దు

పెంపుడు జంతువుల దుకాణంలో బాల్ పైథాన్ అనే పాము పిల్లతో పాటు అంటగట్టే సెట్ ఒకటుంటుంది. 20 గ్యాలన్ల గాజు ట్యాంకు, పైన జల్లెడ మూత, ఒక ఎర్ర బల్బు, వేడికి ఒకటి, తేమకు ఒకటి గాజుకు అతికించే గుండ్రటి ముల్లు మీటర్లు రెండు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల పోరు పడలేక పాము కొనేవారి చేతికి ముందుగా వచ్చేది ఇదే. విడివిడిగా చూస్తే ఎర్ర బల్బు తప్ప ఇందులో దేన్నీ తప్పుపట్టలేం. అన్నీ ఒకచోట చేరాకే చిక్కు. బల్బు వేడికి తేలికైన గాలి జల్లెడలోంచి పైకి పోతూ తేమను కూడా పట్టుకుపోతుంది. ట్యాంకు పొడవు 75 సెంటీమీటర్లే కాబట్టి చల్లని మూల మిగలదు. మీటరు మూత దగ్గరి గాలిని చూపిస్తుంది, పాము మాత్రం నేలమీద ఉంటుంది. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడినప్పుడు గానీ ఎక్కడో ఏదో తేడా ఉందని ఇంట్లోవాళ్లకు అర్థం కాదు.

పాముకు ఒక ఉష్ణోగ్రత చాలదు. ఒంటికి కావలసినంత వేడిని తాను పుట్టించుకోలేదు గనుక వేడి కావాలంటే వెచ్చని చోటికి, వద్దంటే చల్లని చోటికి పాకుతుంది. మేత మింగాక అరగడానికి వెచ్చదనం వెతుక్కుంటుంది, కుబుసం విడిచే ముందు తేమ వెతుక్కుంటుంది. పెట్టె అంతటా 29 డిగ్రీలు నిలకడగా ఉంచామని గర్వపడేవాళ్లు పాముకు ఉన్న ఆ ఒక్క పనినీ లాగేసుకున్నట్లే.

అంకెలు ముందే చెప్పుకుందాం. బాల్ పైథాన్‌కు వేడి కొసలో నేల 31 నుంచి 33 సెల్సియస్, అంటే 88 నుంచి 92 ఫారన్‌హీట్. చల్లని కొస 24 నుంచి 27. తేమ 60 శాతానికి తగ్గకూడదు, కుబుసం ముందు 70 దాకా ఉంటే మంచిది. మరో పెంపుడు పాము కార్న్ స్నేక్‌కు వేడి కొస 29 నుంచి 31, చల్లని కొస 22 నుంచి 25, తేమ 40 నుంచి 50 సరిపోతుంది. బాల్ పైథాన్ ఘనా, టోగో, బెనిన్ వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పగలంతా దాక్కునే పాము. బయట ఎండ మండుతున్నా బొరియలో గాలి కదలదు, తేమ ఆరదు. కార్న్ స్నేక్ ఆగ్నేయ అమెరికా పొలాల్లో, పైన్ అడవుల్లో తిరిగే పాము. చలిని, పొడి గాలిని అది కొంత ఓర్చుకుంటుంది. అమెరికాలో చలి ప్రాంతంలో ఉంటూ మొదటిసారి పామును తెచ్చుకుంటున్నవారికి నా సలహా కార్న్ స్నేకే. దానితో పొరపాటు జరిగినా దిద్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. బాల్ పైథాన్ విషయంలో మొదటి కుబుసంతోనే ఫలితం తెలిసిపోతుంది.

ముందు గది, తర్వాత పెట్టె

వేడి కొసను మీరు కొనుక్కోవచ్చు. చల్లని కొసను మాత్రం మీ గది ఇవ్వాలి. పెట్టెలోని ఏ మూలా గది కంటే చల్లగా ఉండదు. ఇంట్లో 22 డిగ్రీలుంటే చల్లని కొస 24, 25 దగ్గర నిలుస్తుంది. ఇంట్లోనే 30 ఉంటే ఎంత ఖరీదైన హీటరు, వేడిని అదుపు చేసే ఎంత మంచి థర్మోస్టాట్ పెట్టినా అటువైపు చేయగలిగింది లేదు. కాబట్టి దుకాణానికి వెళ్లే ముందు పాము ఉండబోయే గదిలో తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ఉష్ణోగ్రత, తేమ రాసుకోండి. ఆ నాలుగు అంకెలు చేతిలో ఉంటే కింద చెప్పేవాటిలో సగం మీరే తేల్చుకోగలరు.

గాజు ట్యాంకు, పీవీసీ పెట్టె, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, ఈ మూడింటి మధ్యే అసలు పోటీ. గాజులోంచి పామును చూడటం బాగుంటుంది, కానీ గోడల్లోంచి వేడి, జల్లెడలోంచి తేమ పోతూనే ఉంటాయి. కార్న్ స్నేక్‌కు అది చాలు. బాల్ పైథాన్‌కు గాజే వాడాలనుకుంటే జల్లెడ మూతలో చాలా భాగాన్ని అల్యూమినియం టేపుతో మూసి, గాలాడటానికి ఒక పక్క మాత్రం వదలాలి. పనిచేస్తుంది, అందంగా మాత్రం ఉండదు. పీవీసీ పెట్టెలో తలుపు ముందువైపు ఉంటుంది, పైకప్పు మూసి ఉంటుంది, గోడలు వేడిని పట్టి ఉంచుతాయి. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉన్నది కొంటే పెద్దదైన బాల్ పైథాన్‌కు అది చివరిదాకా సరిపోతుంది. పిల్లకు ముందు చిన్న ట్యాంకు, ఏడాదికి ఇంకొకటి, చివరికి పీవీసీ అని మూడుసార్లు కొనేవారు చివరికి ఎక్కువే ఖర్చు పెడతారు. పిల్ల పాము పెద్ద పెట్టెలో బెదిరిపోతుందన్న మాట నిజమే. అయితే ఆ బెదురు ఖాళీ స్థలం వల్ల వచ్చేది. దాక్కునే గూళ్లు, ఆకులు, బెరడు ముక్కలతో నింపితే పోతుంది.

ప్లాస్టిక్ డబ్బా తేమను బ్రహ్మాండంగా ఆపుతుంది, చవక కూడా. కొత్తగా వచ్చిన పామును మిగతావాటి నుంచి కొంతకాలం వేరుగా ఉంచడానికి అంతకంటే తేలికైన ఏర్పాటు లేదు. కానీ 40 సెంటీమీటర్ల డబ్బాలో ఒక కొస 32, మరో కొస 25 సాధించడం కష్టం. పాము తల ఒకచోట, తోక మరోచోట ఉండి ఒళ్లు రెంటికీ మధ్య పరుచుకుంటుంది. చెక్క పెట్టెల గురించి ఒక్క మాట: తడికి ఉబ్బుతాయి. పొడి ఇష్టపడే పాములకు సరే, బాల్ పైథాన్‌కు వద్దు.

పైనుంచి వేడా, కిందనుంచా

ఇక్కడే వాదనలు ఎక్కువ. నా మొగ్గు పైనుంచి వేడి వైపు, ముఖ్యంగా బాల్ పైథాన్‌కు. కారణం పాములో కంటే పెట్టె అడుగున ఉంది. తేమ నిలవాలంటే అడుగున ఎనిమిది, పది సెంటీమీటర్ల మందాన కొబ్బరి పొట్టో, సైప్రస్ చెక్కపొట్టో పోయాలి. పెట్టె కింద పరిచే కరెంటు చాప, అంటే హీట్ మ్యాట్, వేడి అంత మందం దాటి పైకి రాదు. పాము ఊరుకోదు, కిందికి తవ్వుకుంటూ పోయి మ్యాట్ మీది గాజుకు నేరుగా పొట్ట ఆనించి పడుకుంటుంది. పొట్ట కాలుతున్నా పాము చాలాసార్లు అక్కడినుంచి కదలదు. కాలిన మచ్చలు పొలుసుల మీద గోధుమ రంగులో తేలేదాకా మనకు తెలియదు. లోతైన తడి అడుగుకూ హీట్ మ్యాట్‌కూ పొసగదు కాబట్టి ఆ రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. విద్యుత్తుతో వేడెక్కే రాతి దిమ్మెలు ఇంకా అమ్ముతున్నారు, వాటివైపు చూడనే వద్దు.

అయితే మ్యాట్‌ను కొట్టిపారేయకండి. పలచటి యాస్పెన్ చెక్కపొట్టు మీద ఉండే కార్న్ స్నేక్‌కు, ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న పిల్లకు, ఇసుకలో పూడుకుని బతికే కెన్యా శాండ్ బోవాకు అది మంచి పరికరమే. డబ్బా నేలలో మూడో వంతుకు మించి పరచవద్దు. గాలిని వేడి చేయడం దానివల్ల కాదు. శీతాకాలంలో గది 18 డిగ్రీలకు పడిపోయే ఇంట్లో మ్యాట్ ఒక్కదానిమీదే ఆధారపడితే పాము పొట్ట వెచ్చగా, పీల్చే గాలి చల్లగా ఉంటుంది.

పైనుంచి ఇచ్చేవాటిలో హాలోజెన్ బల్బు సూర్యుడికి దగ్గరి చుట్టం. దాని పరారుణ కిరణాలు చర్మం దాటి కండరం దాకా వెళ్తాయి. కింద ఒక చదును రాయి పెడితే రాయి వేడెక్కి, దీపం ఆర్పాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. పగలు 12 గంటలు వెలిగించి రాత్రి ఆర్పేయాలి. సెరామిక్ బల్బు వెలుగు లేకుండా వేడినిస్తుంది కాబట్టి రాత్రికి పనికొస్తుంది, కానీ అది వేడి చేసేది ఎక్కువగా గాలిని, ఒంటి పైపొరను. పెట్టెను ఎండబెట్టడంలో దీన్ని మించింది లేదు. 100 వాట్ల సెరామిక్ బల్బు పైభాగం 200 డిగ్రీలు దాటగలదు. అందుకే పింగాణీ హోల్డరు తప్పనిసరి, ప్లాస్టిక్ హోల్డరు కరిగిపోతుంది. పీవీసీ పెట్టె లోపల బిగిస్తే చుట్టూ తీగ పంజరం ఉండాలి, లేకపోతే పాము దానికే చుట్టుకుంటుంది. డీప్ హీట్ ప్రొజెక్టర్ ఈ రెంటికీ మధ్యస్థం. కంటికి కనిపించే వెలుగు దాదాపు ఉండదు, వేడి మాత్రం సెరామిక్ కంటే లోతుగా దిగుతుంది, పగలూ రాత్రీ నడపవచ్చు.

రేడియంట్ హీట్ ప్యానెల్ అనేది పైకప్పుకు లోపలినుంచి బిగించే పలక. వేడి వెడల్పుగా, మెత్తగా పడుతుంది, తేమను అంతగా తినదు. పీవీసీ పెట్టె, బాల్ పైథాన్, రాత్రి చలి, ఈ మూడూ ఉన్న ఇంటికి నేను సూచించేది ఇదే. ఇబ్బంది ఒక్కటే: వేడి ఒకచోట గుచ్చినట్లు పడదు కాబట్టి పొడవు తక్కువ పెట్టెలో రెండు కొసల మధ్య తేడా చెరిగిపోతుంది. ప్యానెల్‌ను నడిమధ్య కాకుండా ఒక చివరకు జరిపి బిగించాలి. రాత్రి పెట్టెలో 23 కంటే తగ్గని ఇళ్లలో ప్యానెల్ లేకుండా పగటి హాలోజెన్ ఒక్కటే చాలు.

ఎర్ర బల్బు, నీలం బల్బు రాత్రిపూట వాడవచ్చని పెట్టె మీద రాసి ఉంటుంది. పాముకు రాత్రి అంటే చీకటి. రంగు మార్చినంత మాత్రాన వెలుగు చీకటైపోదు.

థర్మోస్టాట్ దగ్గర పొదుపు వద్దు

పైన చెప్పినవాటిలో ఏది కొన్నా థర్మోస్టాట్ లేకుండా ప్లగ్గు పెట్టవద్దు. మూడు రకాలున్నాయి. పూర్తిగా వెలిగించి పూర్తిగా ఆర్పేది చవక, మ్యాట్‌కు చాలు. చిన్న చిన్న దఫాలుగా కరెంటు పంపే పల్స్ రకం సెరామిక్‌కు, మ్యాట్‌కు, ప్యానెల్‌కు బాగుంటుంది. హాలోజెన్‌ను దానికి తగిలిస్తే బల్బు మిణుకు మిణుకుమంటూ త్వరగా పోతుంది. హాలోజెన్‌కు వెలుగును మెల్లగా తగ్గించే డిమ్మింగ్ రకమే కావాలి. ఏ హీటరు కొనాలో తేలాకే థర్మోస్టాట్ కొనండి, ముందు కొంటే రెండుసార్లు కొనాల్సి రావచ్చు.

దాని తీగ చివర ఉండే సెన్సారు ఎక్కడ పెట్టామన్నదే మొత్తం ఆట. మ్యాట్‌కైతే మ్యాట్‌కూ డబ్బా అడుగుకూ మధ్య, బయటివైపు పెట్టాలి. పైనుంచి వేడికైతే వేడి పడే చోట, పాము వీపు ఎత్తున, గట్టిగా బిగించి పెట్టాలి. పొట్టు మీద ఊరికే పడేసిన సెన్సారును పాము రాత్రి తిరుగుతూ నెట్టేస్తుంది. అది జారి నీళ్ల గిన్నెలో పడిందనుకోండి. గిన్నెలో నీళ్లు 25 డిగ్రీలు. థర్మోస్టాట్‌కు పెట్టె చల్లబడిందని అనిపించి బల్బుకు పూర్తి కరెంటు ఇస్తూనే ఉంటుంది. తెల్లారేసరికి వేడి కొస 45 దాటినా ఆశ్చర్యం లేదు. టేపుతో మాత్రం అతికించవద్దు, ఊడిన టేపు పాముకు అంటుకుంటే పొలుసులతో సహా వస్తుంది. గోడకు రంధ్రం చేసి ప్లాస్టిక్ బిగింపుతో కట్టండి.

తేమను విడిగా కొనలేం

తేమ సమస్యలకు చాలామంది తేమలోనే మందు వెతుకుతారు. అసలు కారణం వేడిలో ఉంటుంది. గాలిలో నీటి ఆవిరి అంతే ఉన్నా, గాలి వేడెక్కేకొద్దీ తేమ శాతం పడిపోతుంది. 22 డిగ్రీల దగ్గర 60 శాతం చూపించే గాలినే 32కు వేడి చేస్తే మీటరు 33 దగ్గర నిలుస్తుంది. ఒక్క చుక్క నీరు బయటికి పోకుండానే. అంటే వేడి తేడా ఉన్న ప్రతి పెట్టెలోనూ తేమ తేడా దానంతటదే ఏర్పడుతుంది: వేడి కొస పొడిగా, చల్లని కొస తేమగా. మీటరు ఏ కొసలో ఉందో చెప్పకుండా 'నా పెట్టెలో 60 శాతం' అంటే ఏమీ చెప్పనట్లే. బయట సున్నా డిగ్రీలున్న న్యూజెర్సీ జనవరి గాలి ఇంట్లోకొచ్చి 21కి వేడెక్కితే తేమ 20 శాతం దగ్గరకు దిగుతుంది. ఆ గాలిని పెట్టెలోకి వదిలి, సీసాతో నీళ్లు చిమ్మి 60 చేయాలనుకోవడం చిల్లికుండలో నీళ్లు పోసినట్లే.

నీళ్లు చిమ్మడం గురించి: పది నిమిషాలు 85, రెండు గంటల్లో మళ్లీ 40. పైపొర తడుస్తుంది, అడుగు ఎండే ఉంటుంది. పాము పొట్ట ఆనేది పైపొరకే కాబట్టి రోజూ చిమ్మితే పొలుసు కుళ్లుకు దారి తీస్తుంది. దీనికి తిరగేసి చేయండి. పెట్టె నాలుగు మూలల్లో పొట్టును పక్కకు జరిపి అడుగుకు నీళ్లు పోయండి. అడుగు పొర తడిగా, పై రెండు సెంటీమీటర్లు పొడిగా ఉండాలి. పిడికిట్లో పట్టి పిండితే అడుగు పొట్టు ముద్ద కావాలి, నీరు కారకూడదు. అడుగు తేమ మెల్లగా పైకి ఆవిరవుతూ రోజుల తరబడి నిలుస్తుంది.

పొట్టు రకాల్లో సైప్రస్ చెక్కపొట్టు బూజును బాగా తట్టుకుంటుంది. కొబ్బరి పొట్టు తేమను ఎక్కువ పీల్చుకుంటుంది గానీ మెత్తని పొడి ఎండితే దుమ్ము లేస్తుంది, అందుకని పీచు ముక్కలు కలిపి వాడితే బాగుంటుంది. యాస్పెన్ తడిస్తే బూజు పడుతుంది, దాన్ని కార్న్ స్నేక్‌కే వదిలేయండి. దేవదారు పొట్టు ఏ పాముకూ వద్దు, దాని ఘాటైన నూనెలు వాటికి హాని చేస్తాయి.

పొగమంచు యంత్రాలు బొమ్మల కొలువుకు బాగుంటాయి. నిలవ నీటి తొట్టెలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి, ఆ నీటినే పాము ఊపిరితిత్తుల్లోకి తుంపరగా పంపుతాం. గాలాడక తడి మాత్రం పెరిగిన పెట్టెలో శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటే పశువైద్యుడి దగ్గరికి పరుగే. నోరు తెరిచి ఊపిరి పీల్చడం, బుడగలు, ఈల వంటి చప్పుడు దాని గుర్తులు.

గదిని మార్చలేని, పెట్టెను మార్చలేని పరిస్థితి ఉంటే తేమ గూడు మీద పెట్టుబడి పెట్టండి. నిజానికి అది పెట్టుబడి కూడా కాదు. మూత ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బాకు పాము దూరేంత రంధ్రం కోసి, అంచులు నునుపు చేసి, నీళ్లు పిండేసిన స్ఫాగ్నమ్ నాచు నింపితే చాలు. వేడి కొసకూ మధ్యకూ నడుమ పెట్టాలి. కార్న్ స్నేక్‌కు ఏడాది పొడవునా ఇదొక్కటే సరిపోతుంది. బాల్ పైథాన్‌కు ఇది అదనపు సాయం మాత్రమే. కళ్లు పాలరంగుకు తిరిగిన రోజు నుంచి కుబుసం విడిచేదాకా నాచు ఎండకుండా చూడండి. విడిచిన కుబుసం ఒకటే గొట్టంలా ఊడి, రెండు కంటి పొరలూ అందులో ఉంటే మీ లెక్క సరిగ్గా ఉన్నట్లు. కంటి పొర మిగిలిపోతే గోటితో గీకవద్దు.

గూళ్లు లేకపోతే ఇదంతా వృథా

వేడి కొసలో 32, చల్లని కొసలో 25 కచ్చితంగా కుదిరాయి, అయినా పాము చల్లని కొసలోనే పడి ఉంటోంది. తిన్న ఎలుకను మూడో రోజు కక్కేసింది. ఇలాంటి పెట్టెల్లో గూళ్లను చూడండి: చల్లని వైపు ఒంటికి అతుక్కునేంత ఇరుకైన మంచి గూడు, వేడి వైపు రెండు పక్కలా తెరిచిన సగం చెక్క దుంగ. బాల్ పైథాన్‌కు వెచ్చదనం కంటే కనబడకపోవడం ముఖ్యం. అరగదని తెలిసినా భద్రమైన చోటే ఎంచుకుంటుంది. కాబట్టి రెండు కొసలకూ అచ్చం ఒకేలాంటి, ఒకే కొలత గూళ్లు కొనండి. ఒకే రకమైనవి రెండు కొనడానికి మనసొప్పక వేరువేరు అందమైనవి తెస్తే, పాము ఎటు ఉందో చూసి మీరు తెలుసుకునేది వేడి గురించి కాదు, గూడు గురించి.

చెట్టు మీద బతికే ఆకుపచ్చ ట్రీ పైథాన్‌కు ఈ లెక్క నిలువుగా తిరుగుతుంది. పై కొమ్మ వెచ్చగా, కింది కొమ్మ చల్లగా ఉండాలి. పొడవు కంటే ఎత్తు ముఖ్యం, అది వేరే పెట్టె, వేరే ఖర్చు.

కొలవడానికి ముల్లు మీటర్లను పక్కన పెట్టి, తీగ సెన్సారు ఉన్న డిజిటల్ మీటర్లు రెండు కొనండి, కొసకు ఒకటి. నేల వేడికి పరారుణ థర్మామీటర్ గన్ కావాలి. దాన్ని గాజులోంచి గురిపెడితే గాజు వేడినే చెబుతుంది, తలుపు తీసి కొలవాలి. తేమ మీటరును నమ్మే ముందు ఒక పరీక్ష: సీసా మూతలో చెంచాడు వంట ఉప్పు వేసి తడి ఇసుకలా అయ్యేంత నీరు కలపండి, మీటరుతో పాటు గాలి చొరబడని సంచిలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. 68 చూపిస్తే పారేయనక్కర్లేదు, ఏడు కలుపుకుని చదవండి.

హైదరాబాద్‌లో అయితే

మన దేశంలో నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి స్వదేశీ పాములను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, అందులో చర్చ లేదు. బాల్ పైథాన్ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార నియంత్రణ ఒప్పందం (సైటిస్) రెండో అనుబంధంలో ఉంది, కాబట్టి ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు లేకుండా ఉంచుకోకూడదు. అమ్మేవాడు పత్రాలు తర్వాత ఇస్తానంటే కొనకండి.

నమోదుతో ఉంచుకున్నవారికి ఇబ్బంది తలకిందులుగా వస్తుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 36 దాటితే హీటరుతో పనేముంది? అక్కడ కావలసింది చల్లని కొస, అది ఏసీ గదిలో తప్ప దొరకదు. ఏసీ తేమను లాగేస్తుంది కాబట్టి అడుగు పొర లోతు ఇక్కడా తగ్గించకూడదు. విశాఖ, కాకినాడ వైపు గదిలోనే తేమ 75 శాతం ఉండే రోజుల్లో అడుగుకు నీళ్లు మానేసి గాలి రంధ్రాలు పెంచాలి. డాలస్‌లో వారికి చెప్పే మూత మూయడం అక్కడ పొలుసు కుళ్లుకు దారి.

కరెంటు పోయినప్పుడు

2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజు కోసం ఒక థర్మోకోల్ పెట్టె, ఒక దిండు గలీబు సిద్ధంగా ఉంచండి. పామును గలీబులో వేసి ముడివేయండి, దాన్ని థర్మోకోల్ పెట్టెలో పెట్టి, తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసాను ఒక పక్కన పెట్టండి. సీసా గలీబుకు ఆనకూడదు, పెట్టెలోనూ ఒక వైపు చల్లగానే మిగలాలి. మూత సందున వేలు పట్టేంత ఖాళీ వదలండి. సీసా చల్లారినప్పుడల్లా నీళ్లు మార్చండి, పెట్టె లోపల 24 దగ్గర ఉంటే చాలు, 32 కోసం ప్రయాసపడవద్దు. అరగని ఎలుక పొట్టలో కుళ్లుతుంది కాబట్టి చీకటి రోజుల్లో మేత పెట్టవద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము వారాల తరబడి తినకుండా ఉండగలదు. కరెంటు వచ్చి, వేడి కొస రెండు రోజులు నిలకడగా ఉన్నాక మామూలు కంటే చిన్న ఎలుకతో మళ్లీ మొదలుపెట్టండి.